చెయ్యి పోతే ఎంత శాతం?

సదరం క్యాంపు ఉన్న రోజు పొద్దున్నే తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గరికి పోయి చూడండి. చంకలో కర్రతో ఒకాయన, కొడుకు భుజం పట్టుకొని ఒకామె. అందరి నోటా ఒకటే మాట: ‘ఎంత శాతం వేస్తారో!’

40 పడితే పెన్షన్. 39 పడితే ఇంటికి. 2024 జులైలో దివ్యాంగుల పెన్షన్ 3,000 నుంచి 6,000 అయింది. అంటే ఆ ఒక్క శాతం ఖరీదు నెలకు 6,000. పెంచినందుకు సంతోషమే. ఆ మరుసటి ఏడాదే, 2025లో, ఉన్న పెన్షన్లకు మళ్లీ వైద్య పరీక్షలు పెట్టి నోటీసులిచ్చారు. దొంగ సర్టిఫికెట్లు లేవని మేమనం. ఏరెయ్యండి.

తిరకాసంతా కొలతలో ఉంది. కీలు ఎంత వంగుతోంది, పట్టు ఎంత ఉంది అని డాక్టరు కొలుస్తాడు. అది ఆయన పని, తప్పు పట్టలేం. కానీ పలమనేరు మార్కెట్లో టమోటా బాక్సులెత్తే హమాలీకి నడుం పట్టు తప్పితే ఏమవుతుంది? అదే దెబ్బ ఆఫీసు గుమాస్తాకు తగిలితే నెల సెలవు పెట్టి మళ్లీ కుర్చీలో కూర్చుంటాడు. హమాలీకి కూలి పోయినట్టే. కాగితం మీద మాత్రం ఇద్దరికీ ఒకే శాతం!

ఈ తేడా కోర్టులకు ఏనాడో తెలుసు. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేసిన ఒక వడ్రంగి కేసులో, 1975లోనే సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం నష్టంగా ఒప్పుకుంది. ఒంటి చేత్తో వడ్రంగం ఎట్లా చేస్తాడు మరి? శరీర వైకల్య శాతం వేరు, సంపాదన నష్టం శాతం వేరు అని 2010లో ఇంకో కేసులో విడమరిచి చెప్పింది. నష్టపరిహారానికి పనికొచ్చిన న్యాయం పెన్షన్ దగ్గర ఎందుకు పనికిరాదు?

జబ్బుల సంగతి ఇంకా అన్యాయం. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే 2016 చట్టం 21 చేసింది. తలసేమియా, హీమోఫీలియా, పార్కిన్‌సన్స్ అందులోకి వచ్చాయి. డయాలసిస్ రోగులకు రాష్ట్రంలో విడిగా పెన్షన్ ఉంది. గుండె జబ్బుతో పార కిందపెట్టిన కూలీకి ఆ 21లో చోటు లేదు.

ఉద్యోగ మిత్రులారా, మనకు గొడుగుంది. సర్కారు కొలువులో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో వేరే పని చూపించాలి అంటుంది 2016 చట్టం 20వ సెక్షన్. తగిన పోస్టు లేకపోతే అదనపు పోస్టు పెట్టి నిలబెట్టాలి. మన గోడ కట్టిన మేస్త్రీ సారవ మీంచి పడితే ఆ సెక్షన్ రాదు. టీటీడీ బర్డ్ ఆసుపత్రి కృత్రిమ కాలు ఇస్తుంది, మంచిదే. ఆ కాలితో మళ్లీ సారవ ఎక్కగలడా?

చట్టం మార్చమని అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. ఈలోగా సర్టిఫికెట్ మీద 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కుంది. రోగి ఏ పని చేసేవాడో, ఏది చెయ్యలేకపోతున్నాడో నాలుగు ముక్కలు రాసిపెట్టే మనిషి కావాలి. ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి రుయా ఎంత దూరం?