గుడారపు టిల్లాలు

మంగోలియాదేశమునకు పోయివచ్చిన యాత్రికులు అచటి గుఱ్ఱములను గూర్చియు, ఇసుకతిన్నెలను గూర్చియు చాల వ్రాసియున్నారు. తమకు ఆతిథ్యమిచ్చిన గుడారమున తెల్లవారకముందే లేచి పొయ్యి రాజవేయు నిల్లాలిని గూర్చి వ్రాసినవారు తక్కువ. ఈ మాసమున మే మామెను గూర్చి ముచ్చటింప దలచితిమి.

ఆ దేశపు విస్తీర్ణము 15 లక్షల చదరపు కిలోమీటర్లకు మించినది. జనులు సుమారు 35 లక్షలు. అందు దాదాపు సగము మంది రాజధానియగు ఉలాన్‌బాతర్ నగరముననే యున్నారు. ఇక గడ్డిమైదానమున నొక గుడారమునకును మఱియొక దానికిని నడుమ నెంత దూరముండునో చదువరులే యూహించుకొందురు గాక. రాజధానినుండి దక్షిణముగా గోబి యెడారి పట్టణమగు దలాన్‌జద్‌గద్ సుమారు 550 కిలోమీటర్లు. అది దాటిన పిమ్మట చాలచోట్ల బాట యనగా బండిచక్రముల జాడలే. గాలికి మ్రోగు ఖొంగొరిన్ ఎల్స్ ఇసుకకొండలును, 1923లో రాక్షసిబల్లుల గ్రుడ్లు దొరకిన బయన్‌జాగ్ ఎఱ్ఱచఱియలును ఆ ప్రాంతముననే యున్నవి. వానిని జూచుటకు కన్నులు చాలును. గుడారమున ప్రవేశించుటకు మాత్రము కొంత మర్యాద తెలిసియుండవలెను.

దూరమునుండియే "నొఖోయ్ ఖోర్" అని కేక వేయవలెను. కుక్కను పట్టుకొనుడని దాని యర్థము. కుక్క లేని యింటివద్దను ఆ మాటయే చెల్లును! గడప త్రొక్కరాదు, ఈ విషయమున వారి పెద్దలును మన పెద్దలును ఒక్కటే. గుడారమును వారు గెర్ అందురు. దాని ద్వారము దక్షిణముఖము. పడమటివైపు పురుషులకును అతిథులకును, తూర్పువైపు వంటసామగ్రితో స్త్రీలకు, ఉత్తరభాగము పూజాపీఠమునకును పెద్దలకును ఏర్పడియుండును. నట్టనడుమ పొయ్యి. అది పవిత్రము, అందు చెత్త వేయుట తప్పు.

వచ్చినవాడెవడని విచారింపకయే యిల్లాలు పాలును ఉప్పును గలిపి కాచిన తేనీరు చేతికిచ్చును. చక్కెర కలిపిన తేనీటికి అలవాటుపడిన మన నాలుకకది మొదట వింతగా దోచును. ప్రొద్దున కాచినదానిలో తొలి గరిటెడు ఆకాశమున కర్పించి చల్లుట యామె యాచారము. మంచుగాలిలో దారితప్పినవానిని లోనికి రానీయకున్న వాడు చచ్చును. రేపు తన భర్తయు కుమారుడును అట్లే పరుల గుమ్మమున నిలువవలసి రావచ్చును. ఆ యాతిథ్యమునకు మూలమిది. దీనిని వెలలేని వసతిగృహముగా నెంచి వట్టిచేతులతో పోవు యాత్రికులు గలరు. అది మాకు సరిపడదు. తేయాకో, పిండియో, పిల్లలకు పుస్తకములో తీసికొనిపోవుట యుచితము.

ఇక నామె పని. చెక్కజాలీ గోడలు, పైని వాసములు, నడినెత్తిన వెలుతురు వచ్చు గుండ్రని చట్రము, చుట్టును గొఱ్ఱెయున్నిని తడిపి దట్టముగా నణచిన కంబళులు; ఇంతమాత్రపు టింటిని మకాము మార్చునప్పుడెల్ల ఊడదీసి, ఒకటి రెండు గంటలలో మరల నిలుపుదురు. వేసవి యంతయు పాలపనియే. ఆవు, గొఱ్ఱె, మేక, ఒంటె, అన్నియు పిదుకవలెను. మీగడ తీయవలెను, పెరుగును పిండి ముక్కలుచేసి గుడారపు కప్పుపై నెండబెట్టవలెను. ఆడుగుఱ్ఱపు పాలను తోలుసంచిలో పోసి వేలకొలది మాఱులు చిలికి పులియబెట్టుదురు. కవ్వపుత్రాడు లాగిన చేతులకు ఆ శ్రమ తెలియును. సంచి గుమ్మమువద్దనే యుండును గనుక లోనికి వచ్చినవారును నాలుగుమాఱులు చిలికి మఱి కూర్చుందురు. ఆ పానీయమున కొంచెము మత్తుగలదు. వలదనువారు పెదవులకు తాకించి తిరిగి యిచ్చినను చాలును. వంటచెఱకు పశువుల పేడయే. అయితే పిడకలు చఱచు పని లేదు. మైదానమున నెండినదానిని బుట్టలో నేఱుకొని వత్తురు.

గోబియందు మఱియొక చిత్రమైన పనిగలదు. తల్లియొంటె తన పిల్లను దరిజేరనీయనిచో, గుఱ్ఱపుతల చెక్కిన వీణియ వాయించుచు, మెల్లగా పాడుచు, అది మనసు కరగి పాలిచ్చువఱకు గంటలకొలది బుజ్జగింతురు. యునెస్కో సంస్థ 2015లో దీనిని వెంటనే రక్షింపవలసిన సంప్రదాయముల పట్టికలో చేర్చినది.

రక్షింపవలసినది పాట యొక్కటే కాదు. ఎండకాలపు గడ్డి మాడి, పిదప మంచు గట్టిపడి పశువులకు మేత యందని శీతకాలమును వారు జుద్ అందురు. 2009-10లో 80 లక్షలకు పైగాను, 2023-24లో 70 లక్షలకు పైగాను పశువులు చచ్చినవి. మంద పోయిన కుటుంబము ఆ గుడారమునే బండిపై వేసికొని రాజధాని శివారున నిలుపును. పురుషునకు కూలియైన దొరకవచ్చును. పాడి యంతయు తన చేతిమీద నడపిన యిల్లాలి కచ్చట పిదుకుటకొక మేకయైన లేదు. బొగ్గుపొగ మాత్రము గలదు.

మంద నిలిచినచోటను చిక్కు వేఱొకటి. పశువులకు కుమారులను నిలుపుకొని కుమార్తెలను చదువులకు పంపుట వారిలో హెచ్చు. విశ్వవిద్యాలయములలో బాలికల సంఖ్యయే మిన్న. ఇది వినుటకు మనకెంత యింపు! అయినను, చదివిన పిల్ల పట్టణముననే నిలిచిపోవుటచే కాపరియువకునకు వధువు దొరకుట కష్టమగుచున్నది. చిన్నపిల్లల బడికొఱకు తల్లియే పట్టణమున రెండవ గుడారము వేసికొనగా, భర్త మందతో నొంటిగా మిగులు కుటుంబములును గలవు. తల్లి బడివద్దను, మంద మైదానమునను ఉన్నపుడు పాలు పిదుకువా రెవరు?

పోదలచిన సోదరీమణులకు జూన్ మొదలు సెప్టెంబరు వఱకు తగిన కాలము. పాలపని ముమ్మరముగా సాగునదియు నప్పుడే. అతిథిగా పోయిన మన స్త్రీ పడమటివైపు కొంతసేపు కూర్చుండి, పిదప లేచి తూర్పువైపున నొక పాలబిందె యందుకొన్నచో, ఆ యిల్లాలు సంతోషించుననియే మా నమ్మకము.