రైతు రాసింది రాసినట్టే చేరాలి

ఖరీఫ్ కోతల వేళ వాన పడి వరి పనలు నీళ్లలో నానిన ఆ వారం మన సంఘం కార్యాలయానికి మెయిళ్లు వరసగా వచ్చాయి. పంట నష్టం జాబితాలను గ్రామాల్లో అతికించారు. పేరు లేనివాళ్లు, విస్తీర్ణం తప్పుగా పడినవాళ్లు అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు కొద్ది రోజులే. ఊరూరా తిరిగి కాగితాలు సేకరించే వ్యవధి లేదని మన వెబ్‌సైటులో ఒక ఫారం పెట్టాం. రైతు తన ఫోనులోనే వివరాలు నింపి పంపితే అవి మెయిలుగా కార్యాలయానికి వస్తాయి, మేము గ్రామాల వారీగా వేరు చేసి అధికారులకు అందిస్తాం. ఇదీ ఏర్పాటు.

మెయిళ్లయితే వచ్చాయి. తెరిచి చూస్తే లోపల ప్రశ్నార్థకాలు. పేరు దగ్గర ??????, ఊరు దగ్గర ????, ‘మీ సమస్య రాయండి’ అన్నచోట నాలుగైదు వరసల నిండా అవే. ఫోను నంబరు ఒక్కటే అంకెలు కాబట్టి బతికింది. మొదటి రోజు ఇవి ఎవరో ఆకతాయిలు పంపినవనుకుని పక్కన పెట్టాం. మర్నాడు ఒక రైతు ఫోను చేసి, “పంపానండీ, అందిందని కూడా చూపించింది, మరి ఏం చేశారు?” అని అడిగేదాకా తప్పు మాదని మాకు తెలియలేదు. ఆయన చెప్పింది నిజమే. ‘పంపు’ నొక్కగానే ‘మీ వివరాలు అందాయి, ధన్యవాదాలు’ అని మన ఫారం ప్రతి ఒక్కరికీ చెప్పింది.

సంపాదకీయంలో ఒక కంప్యూటరు లోపం గురించి ఇంత రాయాలా అని సభ్యులు అడగవచ్చు. రాయాలి. ఎందుకంటే ఆ లోపం అందరినీ సమానంగా ముంచలేదు.

జిల్లా, మండలం, పంట పేరు మా ఫారంలో వరసలోంచి ఎంచుకునేవి. వాటిని తయారుచేసినవాళ్లు లోపల ఇంగ్లిషులో పెట్టారు కనుక చెక్కుచెదరకుండా వచ్చాయి. సొంత పట్టా ఉన్న రైతు చెప్పవలసినదంతా దాదాపు ఆ గడుల్లోనే సరిపోతుంది: ఫలానా సర్వే నంబరు, ఇన్ని ఎకరాలు, వరి, మునిగింది. కౌలు రైతు సంగతి అలా కాదు. భూమి ఒకరి పేరున ఉంది, సాగు తనది, జాబితాలో యజమాని పేరు పడింది, సాగుదారు కార్డు కోసం అడిగితే యజమాని సంతకం పెట్టలేదు. ఇది ఏ గడిలోనూ పట్టదు. సొంత మాటల్లో, తెలుగులో రాయాల్సిందే. అలా రాసిన ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకమైంది. ఆడవాళ్ల పేరున పొలం ఉండి పాసుపుస్తకంలో ఇంకా చనిపోయిన భర్త పేరే నడుస్తున్న కుటుంబాల గతీ అంతే. ఎవరికి వివరించుకోవాల్సిన అవసరం ఎక్కువో వాళ్ల మాటే చెరిగిపోయింది.

మిగిలిన ఫోను నంబర్లు పట్టుకుని ఒక్కొక్కరికీ చేశాం. దొరికినవాళ్ల వివరాలు చేత్తో రాసుకుని గడువులోపల ఇచ్చాం. కొందరు దొరకలేదు. 33 శాతం, ఆ పైన పంట పోతేనే విపత్తు నిధి నుంచి పెట్టుబడి రాయితీ వస్తుంది. ఆ లెక్కలోకి రావాలంటే ముందు జాబితాలో పేరుండాలి. దొరకని ఆ కొందరి పేర్లు ఈసారి లేవు. ఇందులో బాధ్యత మాది.

జరిగిందేమిటో తెలుసుకోవడానికి మేము కొంత చదువుకోవాల్సి వచ్చింది. కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాస్తుంది. మెయిలు పుట్టిన రోజుల్లో ఇంగ్లిషు అక్షరాలకూ అంకెలకూ గుర్తులకూ కలిపి 128 సంఖ్యలు చాలనుకున్నారు. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి ఒకే పట్టిక కావాలని 1991లో తెచ్చిన యూనికోడ్‌లో తెలుగుకూ చోటు దక్కింది. ఇవాళ మన ఫోన్లు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తును మూడేసి బైట్లుగా పంపుతాయి. ఫోనులో ఫారం, వివరాలు దాచే డేటాబేసు, మెయిలు తయారుచేసే ప్రోగ్రాము, ఈ మూడూ ఆ పద్ధతిలోనే ఉండాలి. పొలం నుంచి యార్డుకు పోయే దారిలో ఒక్క కల్వర్టు కూలినా బండి ఆగుతుంది కదా, ఇదీ అంతే. మాకు కూలింది డేటాబేసు దగ్గర.

ఇక్కడ సభ్యులు గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. తెలుగు బదులు పిచ్చి గుర్తులు, ఏవేవో విదేశీ అక్షరాలు కనిపిస్తే చాలాసార్లు ఆశ ఉంటుంది. లోపలి బైట్లు భద్రంగానే ఉండి, వాటిని చదివే పద్ధతి మాత్రమే తప్పి ఉంటుంది. తెలిసినవాళ్లు వెనక్కి తేగలరు. ప్రశ్నార్థకాలే వచ్చి, దాచినచోటా అవే ఉంటే అసలు అక్షరం పోయినట్టే. దాని స్థానంలో యంత్రం నిజంగానే ప్రశ్నార్థకం రాసేసింది. మాకు రెండోదే జరిగింది. బాగుచేయించడానికి ఒక పూట కూడా పట్టలేదు. మూడు చోట్లా యూటీఎఫ్-8 పెట్టించాం. మెయిలు సబ్జెక్టు వరసకు విడిగా చెప్పాలట, లేకపోతే లోపల తెలుగు బాగున్నా పైన గజిబిజిగా వస్తుంది. డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లతో కొట్టించిన అర్జీని కాపీ చేసి ఫారంలో అతికిస్తే మాత్రం అది తెలుగులో కనిపించదు, అది యూనికోడ్ కాదు. ఫోనులోని తెలుగు కీబోర్డుతోనో, నోటితో చెప్పో రాయండి.

అక్షరాలు కుదిరాక కూడా చదవడానికి వీలుగా లేదు. వివరాలన్నీ ఒకే వరసలో, ఏది పేరో ఏది ఊరో తెలియకుండా కలిసిపోయి వచ్చాయి. రైతు ఖాళీగా వదిలిన గడిని యంత్రం వదిలేయడంతో తండ్రి పేరు ఉండాల్సినచోట ఊరు, ఊరు ఉండాల్సినచోట పంట. ఇప్పుడు ప్రతి వివరం ముందు దాని పేరు తెలుగులో వస్తుంది, ఒక్కో వరసలో ఒక్కటే, ఖాళీ ఉంటే ‘రాయలేదు’ అని వస్తుంది. సబ్జెక్టులోనే మండలం, గ్రామం, సర్వే నంబరు కనిపిస్తాయి.

సర్వే నంబర్ల దగ్గర మాకు కళ్లు తిరిగాయి. తెలంగాణ వైపు సర్వే నంబర్లలో తెలుగు అక్షరాలే ఉంటాయి. 245/అ, 245/ఆ వేర్వేరు రైతులవి. రెండూ 245/? అయి కూర్చున్నాయి. ఇక మెయిళ్లను ఎక్సెల్ పట్టికలో వేసుకుంటే 7/2 అనే సర్వే నంబరు 7 ఫిబ్రవరి అయింది. ఆ పెట్టెను ముందే అక్షరాల పెట్టెగా మార్చుకోకపోతే ఎక్సెల్ చేసే పని అది. బ్యాంకు ఖాతా నంబరు పదకొండు అంకెలు దాటితే దాన్ని కుదించి చూపిస్తుంది, పదహారు అంకెలుంటే చివరిదాన్ని సున్నా చేసేస్తుంది. కార్యాలయాల్లో కూర్చుని రైతులు తప్పు నంబర్లు ఇస్తున్నారని విసుక్కునేవాళ్లు ఒకసారి తమ పట్టికలు చూసుకుంటే మంచిది. (మా ఫారంలో ఖాతా నంబరు, ఆధారు నంబరు గడులు తీసేశాం. అవి మెయిలులో తిరగకూడదు.)

విస్తీర్ణం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 2.20 అని రాస్తే ఆంధ్ర రైతుకు అది రెండెకరాల ఇరవై సెంట్లు. తెలంగాణ రైతుకు రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు కనుక, గుంటలను దశాంశంగా చదివితే ఆ రైతుకు 12 గుంటల పంట నష్టం లెక్కలోంచి మాయమవుతుంది. పరిహారం హెక్టార్లలో లెక్కగట్టే చోట ఈ తప్పు మీద ఇంకో తప్పు పడుతుంది. ఎకరాలకు ఒక గడి, సెంట్లు లేదా గుంటలకు ఇంకో గడి పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. తేదీ కూడా అంతే. 05/06 అంటే జూన్ 5 అని మనం రాస్తాం, మే 6 అని చదివే యంత్రాలున్నాయి. మా ఫారంలో ఇప్పుడు నెల పేరు తెలుగులోనే వస్తుంది.

కొన్ని మెయిళ్లు స్పాములో దొరికాయి. ఫారం పంపే మెయిలు మీద పంపినవారిగా రైతు చిరునామా వేశాం, మర్యాదగా ఉంటుందని. రైతు పేరుతో ఇంకెవరో పంపుతున్నారని మెయిలు సంస్థలు అనుమానించాయి. పంపే చిరునామా కార్యాలయానిదే ఉండాలి, జవాబు వెళ్లాల్సిన చిరునామాగా రైతుది పెట్టాలి. మన సభ్యుల్లో చాలామందికి మెయిలే లేదు కనుక ఆ చోట ఫోను నంబరు సరిపోతుంది.

ఇదంతా మా ఇంటి చీకటి. బయట ఎలా ఉంది? ఫసల్ బీమా అమలయ్యే చోట వడగళ్లకో ముంపుకో పంట పోతే, లేదా కోసి ఆరబెట్టిన పంట పద్నాలుగు రోజుల్లోపల తడిస్తే, 72 గంటల్లో తెలియజేయాలి. యాపులో చెప్పవచ్చు, 14447కు ఫోను చేయవచ్చు. గడువు రైతు మీద ఉంది. రైతు చెప్పింది అవతల ఏ రూపంలో చేరిందో రైతుకు చూపించే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేనట్టుంది. ఒక నంబరు వస్తుంది, అంతే. ఆ నంబరు వెనక ఏముందో అడిగితే తెరిచి చూపించేవాళ్లు లేరు. తెలుగు సందేశం పంపాలంటే ఒక ఎస్సెమ్మెస్సులో 70 గుర్తులే పడతాయి, ఇంగ్లిషయితే 160. ‘రైతు’ అన్న మాటకే నాలుగు ఖర్చవుతాయి. అందుకే కాబోలు రైతుకు తెలియని భాషలో సందేశాలొస్తాయి. రెండు సందేశాలకయ్యే ఖర్చు పంట నష్టంతో పోలిస్తే ఎంత?

చట్టం ఈ విషయంలో మనకు ఎదురుగా లేదు. 1966 నాటి చట్టంతోనే తెలుగు అధికార భాష అయింది. సమాచార హక్కు కింద 2005 నుంచి స్థానిక అధికార భాషలో, ఎలక్ట్రానిక్ రూపంలో దరఖాస్తు పెట్టవచ్చు. 2000 నాటి ఐటీ చట్టం 4వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఉండాల్సినది ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నా చెల్లుతుంది. కానీ అది తర్వాత తీసి చూసుకోవడానికి వీలుగా ఉండాలి. ప్రశ్నార్థకాల వరసను ఎవరు తీసి చూసుకుంటారు? అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం, తీసుకునేవారు చూపించిన కంప్యూటరు వ్యవస్థలోకి ప్రవేశించినప్పుడే అది అందినట్టు. అధికారి ఎప్పుడు తెరిచాడన్నది కాదు. గడువులోపల పంపిన అభ్యంతరం వాళ్ల యంత్రంలో చెడిపోతే గడువు మీరిందని రైతును తిప్పి పంపడం ఈ మాటకు విరుద్ధం.

కాబట్టి మన సంఘం అడిగేది ఇది. రైతు నుంచి ఆన్‌లైనులో ఏ అర్జీ తీసుకున్నా, అధికారి తెర మీద ఎలా కనిపిస్తుందో సరిగ్గా అదే ప్రతి తెలుగులో, నంబరు, తేదీ, సమయంతో రైతుకూ ఇవ్వాలి. ఫోనులో చదవలేనివారికి రైతు సేవా కేంద్రంలోనో వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరో అచ్చు తీసి ఇవ్వాలి. చేరినది చదవడానికి వీల్లేకుండా ఉంటే రైతును పిలిచి మళ్లీ రాయించుకోవాలి, మొదట పంపిన సమయాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ‘ఇతర వివరాలు’ అనే గడి కౌలు రైతుకు ఉన్న ఒకే ఒక్క తలుపు. దాన్ని ఇంగ్లిషులో మాత్రమే నింపాలనే నిబంధన ఎక్కడున్నా తీసేయాలి.

మేము కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి నెల మొదటి వారం కార్యాలయంలో ఒకరు తన ఫోను నుంచి ఉత్తుత్తి అర్జీ ఒకటి పంపుతారు. అందులో క్షేత్రం, దుర్భిక్షం లాంటి ఒత్తుల మాటలు, 245/అ, 7/2, రెండెకరాల ఇరవై గుంటలు తప్పక ఉంటాయి. ఇంకొకరు దాన్ని పాత కంప్యూటరులో తెరిచి అచ్చు తీస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తారు. వచ్చిన ప్రతి అర్జీనీ అచ్చు తీసి రిజిస్టరులో అతికిస్తున్నాం కూడా. కంప్యూటరుంటే రిజిస్టరెందుకని ఇదివరకు మేమే అన్నాం.

ఆ వానల వారంలో మన ఫారం ద్వారా రాసి, ఇంతవరకూ మా నుంచి ఫోను రాని సభ్యులు తమ గ్రామ కమిటీ దగ్గర పేరు చెప్పండి. మీరు పంపిన రోజు గుర్తుంటే చాలు, మెయిలు వచ్చిన తేదీ, సమయం మా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని జతచేసి మీ అభ్యంతరాన్ని మళ్లీ రాయించి, ఆలస్యానికి కారణం మాదేనని మా సంతకంతో అధికారులకు ఇస్తాం. కౌలు రైతులు కార్డు లేదని వెనకాడవద్దు. చేను పక్కవాళ్లు ఇద్దరిని వెంట తీసుకురండి.