కాపలా కావాలి, కర్రపెత్తనం కాదు

చంద్రగిరి పాత బజారులో కొత్త ముఖాలు కనబడని రోజుండదు. కోటలో రాజమహల్ చూడవచ్చేవారు, శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారి మెట్టుకు సాగే భక్తులు, తిరుపతిలో పని చేసుకుంటూ ఇక్కడ అద్దెకుండేవారు అందరూ ఈ వీధుల్లోనే తిరుగుతారు. ఇలాంటి ఊళ్లో చైన్ స్నాచింగులు, తాళం వేసిన ఇళ్లలో చోరీలు ఆగాలంటే వీధివాసులే సంఘం కట్టాలన్న మాట న్యాయమైనదే. అయితే ఆ సంఘం గమనించాలి, పోలీసులకు చెప్పాలి, చెప్పినదానికి జవాబు రాబట్టాలి. అంతకుమించి నిలదీసే, కొట్టే అధికారం ఒక్కపూట చేతికి చిక్కినా అది ఊరికి రక్షణ కాదు, కొత్త భయం.

ఇది ఈ సీమకు తెలియని సంగతి కాదు. పాళెగాళ్ల కాలంలో ఇక్కడ కావలి పద్ధతి నడిచింది. ఊరికి తలారి, కొన్ని ఊళ్లకు కలిపి పాళెగాడు కాపలా. అందుకు పంటలోనో రొక్కంలోనో రుసుం ముట్టేది. దొంగ దొరక్కపోతే పోయిన సొత్తుకు కావలిదారే నష్టం కట్టుకోవాలి. నేటి మన పోలీసు వ్యవస్థలో ఇంత గట్టి పూచీ లేదు. కానీ పాళెగాడిని అడిగే పైవాడు బలహీనపడేకొద్దీ నష్టపరిహారం కట్టడం మరుగున పడి, రుసుం గుంజుకోవడమే మిగిలింది. డబ్బు కట్టని ఊళ్ల మీదికి కావలివాళ్లే దొంగలను పంపారని ఈస్టిండియా కంపెనీ అధికారులు రాసిపెట్టారు. పాళెగాళ్లను తొలగించడం కంపెనీకి అవసరం కనుక ఆ రాతలను పూర్తిగా నమ్మనక్కర్లేదు. కంపెనీ తెచ్చిన దారోగాలనే పోలీసు అధికారులూ ఊళ్లను కాపాడలేకపోయారు. 1816లో గ్రామ పోలీసు బాధ్యతలను తిరిగి ఊరి పెద్దలకే అప్పగించాల్సి వచ్చింది. ఊరి సాయం లేని పోలీసు, అడిగేవాడు లేని కావలి రెండూ విఫలమయ్యాయని ఆ చరిత్ర చెబుతోంది.

ఆధునిక పరిశోధనలు కూడా దీనికి దగ్గరగానే ఉన్నాయి. అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972-73లో కొన్ని ప్రాంతాల్లో పోలీసు గస్తీ పెంచి, కొన్నిచోట్ల ఎత్తేసి చూశారు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇరుగుపొరుగు నిఘా సంఘాలపై వచ్చిన అధ్యయనాలను 2008లో క్యాంప్‌బెల్ సంస్థ తరఫున కలిపి చూసినప్పుడు మాత్రం నేరాలు 16 నుంచి 26 శాతం తగ్గినట్టు తేలింది. అదే ఏడాది వీధి దీపాలపై జరిగిన సమీక్షలో తగ్గుదల 21 శాతం. ఇవి ఎక్కువగా బ్రిటన్, అమెరికా లెక్కలు. మన వీధులకు అంకెలు సరిపోకపోవచ్చు గానీ, వెలుతురూ పొరుగువారి కన్నూ పనిచేస్తాయన్నది సరిపోతుంది. కెమెరాల ఫలితం దీపాలపై సమీక్ష చేసిన పరిశోధకుల లెక్కలోనే ప్రధానంగా కార్ల పార్కింగులకు పరిమితమైంది. మన దగ్గర మాత్రం భద్రత అనగానే చందాలేసుకుని కెమెరాలు కొనడం దగ్గరే ఆలోచన ఆగిపోతోంది. జనం గుమిగూడే సంస్థల్లో కెమెరాలుండాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం ఎలాగూ చెబుతోంది. వీధి దీపాలు 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ విధి. సంఘం ముందుగా అడగాల్సింది దీపాలనే.

పన్నులు కడుతున్నాం, కాపలా పోలీసుల పని కాదా అని కొందరంటారు. నిజమే, వారి పనే. కానీ ఏ ఇంటికి తాళం పడిందో, ఏ సందులో బల్బు మాడిందో బీట్ కానిస్టేబుల్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. 2017లో రాష్ట్ర పోలీసులు ఊరెళ్లేవారి ఇళ్ల కోసం తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఇదే సూత్రం మీద నిలిచింది: ఇంటివారు ముందుగా చెబితే పోలీసులు కెమెరా పెడతారు. చెప్పకపోతే ఆ ఏర్పాటే లేదు.

రెండో అభ్యంతరం బరువైనది. సంఘాలు మూకలవుతాయన్న భయం ఊహ కాదు. 2018 మేలో పక్క రాష్ట్రమైన తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో, గుడికి పోతూ దారిలో పిల్లలకు చాక్లెట్లిచ్చిన 65 ఏళ్ల వృద్ధురాలిని పిల్లలనెత్తుకుపోయే మనిషని కొట్టి చంపారు. వాట్సాప్ పుకార్లే అందుకు మూలం. 1993లో తమిళనాడులో మంచి ఉద్దేశంతో మొదలైన ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ను, సాత్తాన్‌కుళం కస్టడీ మరణాల్లో దాని సభ్యులపై ఆరోపణలు రావడంతో 2020 జులైలో ప్రభుత్వం నిషేధించింది. అనుమానం ఎప్పుడూ ముందు పేదల మీదికే పోతుంది. ఎరుకలవంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన చట్టం 1952లో రద్దయినా, తోపుడు బండివాడిని, గుడారంలో ఉండేవాడిని చూసే చూపు ఇంకా పూర్తిగా మారలేదు. అందుకే హద్దు చట్టంలో ఉన్నదే ఉండాలి. తన కళ్లెదుట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం చేసినవాడిని, లేదా కోర్టు ప్రకటిత నేరస్థుడిగా చెప్పినవాడిని మాత్రమే పౌరుడు పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి అని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. అనుమానం మీద ఎవరినైనా ఆపి, సంచులు వెతికే హక్కు పౌరులెవరికీ ఇవ్వలేదు.

చంద్రగిరి వీధివాసులు సంఘం పెట్టుకోవాలి. అందులో దుకాణదారులతో పాటు అద్దెకున్నవారు, తోపుడు బండ్లవారు, ఎరుకల, యానాది కుటుంబాల ఆడవాళ్లు కూడా కూర్చోవాలి. నెలకోసారి సీఐ, పంచాయతీ కార్యదర్శి, గ్రామ సచివాలయ మహిళా పోలీసు ఆ సమావేశానికి రావాలి. అందిన ఫిర్యాదులు, తీరినవి, తీరనివి కాగితం మీద రాసి సచివాలయం గోడకు అంటించాలి. కర్రలు, ఈలలు, చొక్కా మీద బ్యాడ్జీలు వద్దు. మొదటి సమావేశానికి వచ్చేవారు తమ వీధిలో వెలగని దీపాల జాబితా వెంట తెచ్చుకోండి.