నడుస్తోందిగా, ఇంకేం?

మీ బడిలో లీడరు పరీక్షల టైంటేబులు బోర్డు మీద రాసి, తర్వాత గంట కొడతాడనుకోండి. గంట వినగానే మీరు వెళ్లి రాసుకుంటారు. ఒకరోజు రాయకముందే గంట మోగితే? పాత టైంటేబులే రాసుకుని, లెక్కల పరీక్షకు సాంఘికం చదువుకుని వెళతారు!

కంప్యూటర్లో ఇలాంటిది నిజంగా జరుగుతుంది. కంప్యూటరు పనులన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము కెర్నెల్. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లైనక్స్ కెర్నెల్. అక్కడ అనేక ప్రాసెసర్లు ఒకే మెమరీని పంచుకుంటాయి. ఒకటి సమాచారం రాసి, ఆపైన 'సిద్ధం' అని గుర్తు పెడుతుంది. రెండోది ఆ గుర్తు చూసి సమాచారం చదువుతుంది. అయితే ప్రాసెసరు వేగంతో పోలిస్తే మెమరీ చాలా నిదానం. అందుకని ప్రాసెసరు తన రాతలను ఓ చిన్న నిల్వలో పడేసి ముందుకు సాగిపోతుంది. అందులోంచి గుర్తు ముందు, సమాచారం వెనక బయటపడవచ్చు. రాసినదానికి ఏ తేడా తెలియదు, మోసపోయేది పక్కది.

దీనికి విరుగుడు 'మెమరీ బ్యారియర్' అనే ఆజ్ఞ. ముందరి రాత కనబడ్డాకే తర్వాతి రాత కనబడాలని అది శాసిస్తుంది. చదివేవైపు కూడా వరస తప్పవచ్చు కనుక అక్కడా ఒకటి ఉండాలి.

మరిచిపోతే? అదే తంటా. 1991లో లైనక్స్ ఇంటెల్ 386 మీద పుట్టింది. ఆ వంశపు ప్రాసెసర్లు మామూలు రాతల వరసను ఇతరులకు తారుమారుగా చూపవు. ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లు ఆ హామీ ఇవ్వవు. ఒకచోట ఏళ్లు నడిచిన ప్రోగ్రాము, మరోచోట ఎప్పుడో ఒక్కసారి తప్పుతుంది.

"నడుస్తోందిగా!" అనే మాట నాకందుకే నచ్చదు. లైనక్స్ మార్పులను తనిఖీ చేసే ప్రోగ్రాము ఒకటుంది. బ్యారియర్ పక్కన కారణం రాయకపోతే అది హెచ్చరిస్తుంది. జ్యామితిలో ప్రతి మెట్టుకూ కారణం రాయమంటే మీరు విసుక్కుంటారు కదూ! ఇదీ అలాంటి చాదస్తమే అనిపిస్తుంది. నేను మాత్రం ఈ చాదస్తం పక్షమే.

కాదనేవారికి థెరాక్-25 సంగతి చెబుతాను. అది క్యాన్సర్ రోగులకు కిరణాలిచ్చే యంత్రం. దాని లోపం బ్యారియర్‌ది కాదు గాని, ఆ కుటుంబానిదే: ఒకే సమాచారాన్ని వాడే పనులు ఒకదాని వరసను ఒకటి చెడగొట్టాయి. 1986లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక రోగికి విపరీతమైన మోతాదు తగిలింది. తయారీదారుల ఇంజనీర్లు వచ్చి పరీక్షిస్తే ఏ తప్పూ దొరకలేదు. యంత్రాన్ని మళ్లీ వాడారు. కొద్ది వారాల్లో మరో రోగి బలయ్యాడు. అప్పుడు ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త, ఆపరేటరు కూర్చుని పదేపదే ప్రయత్నించారు. చెయ్యి తిరిగిన ఆపరేటరు కీలను చకచకా నొక్కి సవరణ చేస్తేనే ఆ తప్పు బయటపడింది.