ఇంట గెలవవలసిన మందు

గోదావరి ఒడ్డున పెరిగిన మనకు నీటి కరవు తెలియదు. 1852లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేసిన నాటి నుండి ఈ ప్రాంతం అన్నపూర్ణగా పేరుగాంచినది. కొవ్వూరుకు చేరువనున్న విజ్జేశ్వరం నుండి సాగిపోవు కాలువలు పశ్చిమ డెల్టా పొలాలను తడుపుతున్నవి. నీరు వచ్చుటకు దారిని ఆ మహనీయుడు ఏర్పరచినాడు. వాడిన నీరు పోవుటకు దారి ఏర్పరచుకొనుట మాత్రం మనం మరచినాము. ఆ మరపునకు మనం చెల్లించిన మూల్యమే బోదకాలు.

బస్టాండులోనో, స్నానాల రేవులోనో, బరువెక్కిన కాలును చీర కుచ్చెళ్ళ చాటున దాచుకొని మెల్లగా నడచు వృద్ధురాలిని చూడనివారు మనలో అరుదు. చూచి జాలిపడతాము. పూర్వజన్మ కర్మమని కొందరు, ఊరి నీరు పడలేదని కొందరు అంటారు. ఇది కర్మము కాదు, త్రాగిన నీటి దోషమూ కాదు. 1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ అను వైద్యుడు మనిషి రక్తంలో ఈ వ్యాధికి సంబంధించిన సూక్ష్మమైన పురుగు పిల్లలను చూచినాడు. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ వాటిని దోమ కడుపులో కనుగొన్నాడు. క్యూలెక్సు దోమ కాటుతో ఈ పరాన్నజీవి ఒక మనిషి నుండి మరొక మనిషికి చేరును. తల్లి పురుగులు శరీరంలోని రసనాళాలలో ఆరు నుండి ఎనిమిది సంవత్సరాలు జీవించి, లక్షల కొలది పిల్లలను రక్తంలోనికి విడుచును.

ఇది ఒక్క వానాకాలంలో ఊరిని ముంచి పోవు కలరా వంటిది కాదు. ఏళ్ళ తరబడి, కాటు మీద కాటుగా, చడీచప్పుడు లేకుండ వ్యాపించును. కావున దీనికి దోహదం చేయు కారణాలను ముందుగానే గుర్తింపవలెను.

మొదటిది మురుగు. క్యూలెక్సు దోమకు పారు కాలువ ఇష్టం లేదు. కుళ్ళిన నిలువనీరే దాని పుట్టినిల్లు. డెల్టా భూమికి వాలు తక్కువ, నీరు మెల్లగా కదలును. అట్టి చోట వీధి కాలువలో చెత్త వేసి నీటిని నిలిపినవారు, మరుగుదొడ్డి గాలిగొట్టానికి వల కట్టనివారు తమ చేతులతోనే దోమలను పెంచుతున్నారు. ఆ దోష భాగం ప్రభుత్వానిది కాదు, మనదే.

రెండవది, రోగిగా కనిపించని రోగి. రక్తంలో పురుగు పిల్లలున్న వారిలో పలువురికి కాలు వాయదు, జ్వరం రాదు. పొలం పని చేయు యువకుడు తనకు తెలియకుండనే ఇంటిల్లిపాదికీ వ్యాధిని పంచును. ఈ పురుగు పిల్లలు రాత్రివేళనే రక్తంలో విరివిగా తిరుగును గనుక పరీక్షకు సిబ్బంది రాత్రి వచ్చెదరు. పగలు వచ్చినవారికి పనులున్నవని, రాత్రి వచ్చినవారికి నిద్ర చెడినదని చెప్పి పంపు గృహస్థులకు మన ఊళ్ళలో కొదువ లేదు.

మూడవది పేదరికం. దోమతెర లేక ఆరుబయట నిద్రించువారు, పల్లపు పేటలలో మురుగు ప్రక్కన గుడిసె వేసుకొన్నవారు, ఊరూరా తిరుగు కూలీలు, అందరికంటె ముందు దీని వాత పడుదురు. మందు ఇచ్చు దినాన ఊరిలో లేనివారు కూడ వీరే.

ఇక మందు సంగతి. 1895లో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో నడిపిన పరిశోధనల ఫలితంగా 1947లో హెట్రజాన్ లోకానికి అందినది. నేడు మనకు అందు డి.ఇ.సి. మాత్ర అదే. ఆ మందు వాడి 2007లో చైనా, 2016లో శ్రీలంక బోదకాలు బెడదను తొలగించుకొన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందినవి. మన దేశం 1955లోనే ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించినది. ఈ వ్యాధిపై పరిశోధనకు, శిక్షణకు నది ఆవలి ఒడ్డున రాజమహేంద్రవరంలో జాతీయ సంస్థ శాఖ వెలసినది. అయినను ఇప్పుడు దేశం తన గడువును 2027గా చెప్పుకొనవలసి వచ్చినది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సుబ్బారావు గారి మందు రచ్చ గెలిచినది. ఇంట గెలుచుట ఇంకను మన చేతిలో ఉన్నది.

కారణం మందు లేకపోవుట కాదు, మ్రింగకపోవుట. 2004 నుండి దేశవ్యాప్తంగా ఏటేటా ఈ మాత్రలను పంచినారు. మొత్తం జనాభాలో నూటికి కనీసం అరువది ఐదుగురు వరుసగా ఐదేండ్లు మ్రింగిననే గాని వ్యాప్తి తెగదని నిపుణుల లెక్క. మనవారు మాత్రలు అందుకొందురు, సంతకం చేయుదురు, గూటిలో పెట్టుదురు. జబ్బు లేని వానికి మందేల అన్నది వారి ప్రశ్న. మ్రింగిన కొందరికి జ్వరం, తలనొప్పి వచ్చుట నిజమే. రక్తంలోని పురుగు పిల్లలు చచ్చుటచే కలుగు ఆ బాధ ఒకటి రెండు దినాలలో తగ్గును. ఈ మాట ముందుగా చెప్పువారు లేక వదంతి ముందు నడచుచున్నది. రెండేండ్ల లోపు పసివారు, గర్భిణులు, తీవ్ర వ్యాధిగ్రస్తులు తప్ప తక్కినవారు భోజనానంతరం సిబ్బంది ఎదుటనే మ్రింగవలెను. పంపిణీ ముగిసిన ప్రాంతాలలో సైతం రాత్రి రక్తపరీక్షలు మానరాదు; పురుగును మోయు ఒక్క మనిషి, మురుగు నిలిచిన ఒక్క వీధి చాలును, కథ మొదటికి వచ్చుటకు.

విద్యార్థి మిత్రులారా! ఈ పనికి మనకంటె తగినవారెవరు? ఉర్దూ మాట్లాడు ఇంట ఉర్దూలో, తెలుగు మాట్లాడు ఇంట తెలుగులో చెప్పగల నేర్పు మన కళాశాలకున్నది. పరాయి పురుషుని ఎదుటికి రాని గృహిణుల వద్దకు మన సోదరీమణులు వెళ్ళగలరు. కాలు వాచినవారిని చూచి తొలగిపోక, దినదినము సబ్బుతో కడిగి తడి లేకుండ తుడుచుకొన్నచో జ్వరాలు, పుండ్లు తగ్గునని చెప్పగలము. ఆ ఇంటి పిల్లకు ఈ కారణాన సంబంధం తప్పిపోకుండ నలుగురిలో నోరు విప్పగలము.

కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. జాతీయ సేవా పథకం శిబిరాలలో ఒక్కటైనను ఏటా ఈ పనికి కేటాయింపుడు. అంతకుముందు మన ఆవరణ వెనుకనున్న మురుగుగుంటను పూడ్పింపుడు. ఆ గుంట పూడనిదే మనం పరుల ఇంటి గుమ్మంలో నిలిచి నీతులు చెప్పుట తగదు.