ఆటల ముచ్చట: గ్రౌండు లేని జట్టు

పోయిన ఆదివారం మన చాళు పోరగాళ్లు ఆరు గోల్స్ తిని వచ్చారు. సాయంత్రం నా గడప ముందు జెర్సీల మూట పెట్టి, "మాతోని కాదు కాకా, ఆడనీకి జాగ లేదు, డ్యూటీ దిగితే ఒళ్లు లేస్తలేదు, వేరే పిలగాండ్లకు ఇయ్యి" అన్నారు. వాళ్లన్నది అబద్ధం కాదు. మొన్నటిదాకా ఆడిన ఖాళీ జాగలో ఇప్పుడు లారీలు నిలబడుతున్నాయి. నేను తిట్టలేదు, బుజ్జగించనూ లేదు. కూర్చోబెట్టి చాయ్ పోసి, ఫారో దీవుల జట్టు కథ చెప్పాను. ఈ నెల మీకూ అదే.

ఈ దీవులు ఎక్కడున్నాయంటే, స్కాట్లాండ్ నుంచి ఐస్‌లాండ్ పోయే దారిలో, అట్లాంటిక్ సముద్రం నడుమ. మొత్తం 18. డెన్మార్క్ రాజ్యంలో భాగమే గానీ 1948 నుంచి సొంత పాలన ఉంది. దాన్ని దేశం అనొచ్చా అని పేచీ పెట్టేవాళ్లు పెట్టనీ, ఫుట్‌బాల్‌లో మాత్రం వాళ్ల జట్టు వాళ్లదే. 1990లో అక్కడి జనం అంతా కలిపినా 50 వేలు లేరు. బతుకంతా చేపల మీద. ఎటు చూసినా గాలి, వాన, రాతి కొండలు. చదునైన నేల దొరకడమే కష్టం.

1988లో ఫిఫాలో, 1990లో యూరప్ ఫుట్‌బాల్ సంఘంలో చేరారు. చేరిన ఏడాదే యూరప్ కప్పు అర్హత పోటీలు. మొదటి మ్యాచ్ ఆస్ట్రియాతో. ఆ ఎండాకాలమే ఇటలీలో ప్రపంచ కప్పు ఆడి వచ్చిన జట్టు అది. లెక్కకు ఆ ఆట ఫారో వాళ్ల సొంతగడ్డ మీద జరగాలి. కానీ పెద్ద పోటీకి పనికొచ్చే గడ్డి గ్రౌండు దీవుల్లో ఒక్కటీ లేదు. సముద్రం దాటి పోయి, స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనా అనే ఊళ్లో గ్రౌండు తీసుకున్నారు. మన ఇంటి పెళ్లి పొరుగూరి మంటపంలో చేసినట్టు!

ఇక ఆటగాళ్లు. పనికి సెలవు పెట్టి వచ్చినవాళ్లు. గోల్‌కీపర్ యెన్స్ మార్టిన్ క్నుడ్సన్ చేపల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలిందని, ఎప్పుడూ కుచ్చు ఉన్న తెల్ల ఉన్ని టోపీ పెట్టుకునే ఆడేవాడు. ఎవరు రాసినా ఆ టోపీ గురించే రాస్తారు. నాకు మాత్రం ఫోర్క్‌లిఫ్టే గుర్తుంటుంది. ముందు ఆడే టోర్కిల్ నీల్సన్ కలప అమ్మే కంపెనీలో సేల్స్‌మన్. చదరంగంలోనూ గట్టివాడు.

1990 సెప్టెంబర్ 12. ఆస్ట్రియా గెలుస్తుందా అని అడిగినవాడు లేడు, ఎన్ని గోల్స్‌తో అనే అడిగారు. మొదటి సగం సున్నా సున్నా. రెండో సగంలో నీల్సన్ బంతి పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను దాటుకుంటూ పోయి గోలు కొట్టాడు. మిగిలినంత సేపూ టోపీవాడు గోలు కాచాడు. ఒకటి సున్నా. ఆస్ట్రియా కోచ్ యోసెఫ్ హికర్స్‌బెర్గర్ పదవి వదులుకున్నాడు.

ఇక్కడ మన పోరగాళ్లు చప్పట్లు కొట్టారు. "ఆగుర్రి, అసలు కథ ఇప్పుడుంది" అన్నాను.

మరుసటి నెల డెన్మార్క్ చేతిలో నాలుగు గోల్స్. బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లాండ్‌తో ఒకటి ఒకటి సమానం చేశారు, అది బాగుంది. తర్వాత యుగోస్లావియా ఏడు కొట్టింది. ఆ పోటీ ముగిసేసరికి ఎనిమిది ఆటల్లో వేసినవి 3, తిన్నవి 26. గుంపులో అట్టడుగు. ఆ తర్వాత 1994 ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో ఆడిన పదీ ఓడిపోయారు. పదింటికీ కలిపి వేసింది ఒక్క గోలు.

ఈ ఓటముల నడుమనే వాళ్లు గ్రౌండు కట్టుకున్నారు. టోఫ్టిర్ అని వెయ్యి మందికి అటూఇటూ ఉండే పల్లె. అక్కడ కొండను పేల్చి, చదును చేసి, గడ్డి పెంచారు. అప్పటి నుంచి పెద్ద జట్లు ఆ పల్లెకే వచ్చి ఆడాల్సి వచ్చింది. ఆస్ట్రియా మీద గెలిచాక లెక్కలోకొచ్చే మరో గెలుపు 1995 మే నెలలో దొరికింది, సాన్ మారినో మీద మూడు సున్నా, ఆ టోఫ్టిర్‌లోనే. నడుమ దగ్గర దగ్గర అయిదేళ్లు. 2002లో స్కాట్లాండ్ అక్కడికే వస్తే, జాన్ పీటర్సన్ అనే బడిపంతులు పావుగంట లోపే రెండు గోల్స్ వేశాడు. స్కాట్లాండ్ వాళ్లు చెమటోడ్చి రెండు రెండు చేసుకుని బయటపడ్డారు.

గ్రీసు సంగతి మీకు గుర్తుండొచ్చు. 2004లో యూరప్ కప్పు గెలిచిన దేశం. 2014 నవంబర్‌లో వాళ్ల ఇంట్లోనే ఫారో వాళ్లు ఒకటి సున్నాతో ఓడించారు. ఆ వెంటనే కోచ్ రనియేరి ఉద్యోగం పోయింది. (ఆ రనియేరే 2016లో లెస్టర్ జట్టుతో ఇంగ్లండ్ లీగ్ గెలిచాడు, అది ఇంకో నెల చెప్పుకుందాం.) ఏమో గాలివాటం గెలుపు అనుకున్నారు. 2015 జూన్‌లో టోర్స్‌హావ్న్‌లో మళ్లీ ఓడించారు, రెండు ఒకటి.

కథ అయ్యాక చిన్నోడు అడిగాడు, "కాకా, ఆ టోపీ ఆయన తెల్లారి మళ్ల డ్యూటీకి పోయిండా?"

"చేపలు ఆగుతయారా?" అన్నాను.

జెర్సీల మూట ఇంకా నా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఉతికించి పెట్టాను. లారీల జాగ గురించి ఈ నెల కమిటీ మీటింగులో అడుగుతా, తల్లిదండ్రులు కూడా నాతో రండి. అప్పటిదాకా బడి వెనక జాగ ఆదివారం పొద్దున రెండు గంటలు ఇస్తామన్నారు. రాత్రి పాళీ దిగినవాళ్లు పడుకోకముందే వచ్చి మూట తీసుకుపోండి.