చెంపదెబ్బ తెలిసే పెట్టె

ఉగాదికి ఖమ్మం వెళ్లినప్పుడు మా మేనల్లుడు తన మ్యాక్‌బుక్ లాప్‌టాప్‌ను చెంప మీద కొట్టాడు. అరచేత్తో, ఛెళ్లున. "చచ్చాన్రా దేవుడా" అని మూలిగింది అది, అచ్చం మా అమ్మ గొంతుతో. వంటింట్లో ఉన్న అమ్మ ఉలిక్కిపడి, "ఎవర్రా నన్ను వెక్కిరిస్తోంది?" అంటూ గరిటెతో సహా బయటికొచ్చింది. ముందురోజు మోకాళ్లు పట్టుకుని లేస్తూ ఆవిడ అన్న మాటే అది. వాడు ఫోన్‌లో పట్టిపెట్టుకున్నాడు.

"మైకు చప్పుడు విని పలుకుతోంది, అంతేగా" అన్నాను, ఇందులో వింతేముందన్నట్టు.

"మైకు ఆపేశాను మావయ్యా. కావాలంటే చప్పట్లు కొట్టి చూడు."

కొట్టాను. ఉలకలేదు, పలకలేదు. చిటికెన వేలితో అంచు మీద కాస్త గట్టిగా తట్టాను. మళ్లీ "చచ్చాన్రా దేవుడా". అమ్మ ఈసారి గరిటె నావైపు చూపించింది.

సంగతేమిటంటే, యాపిల్ సొంత చిప్‌లతో వస్తున్న మ్యాక్‌బుక్‌లలో కొన్నింటి లోపల కదలికను పసిగట్టే సెన్సర్ ఒకటి కూర్చుని ఉంది. దాన్ని వాడుకునే దారి కంపెనీ ప్రోగ్రామర్లకు ఇవ్వలేదు. కొనేవాళ్లకు చూపించే స్పెసిఫికేషన్ల పట్టికలో దాని ఊసు లేదు. చుట్టూ ఉన్న వెలుతురును కొలిచే సెన్సర్ పేరు మాత్రం ఆ పట్టికలో చక్కగా అచ్చయింది. ఊరుకోలేని కుర్రాళ్లు కొందరు లోపల వెతికి, దీన్ని పట్టుకుని, దాని నోట లెక్కలు చెప్పించారు. అంతకుముందు 2025లో ఇలాగే మరొకటి జనం నోట పడింది. 2019 నాటి 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో నుంచీ మూత ఎన్ని డిగ్రీలు తెరుచుకుందో చెప్పే సెన్సర్ కూడా ఉంది. దాని లెక్కలు బయటికి లాగిన మనిషి చేసిన పనుల్లో ఒకటి, మూత తెరుస్తుంటే పాత చెక్క తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు చేయించడం. మనిషికి కొత్త పనిముట్టు దొరికితే ముందు ఆడుకుంటాడు, ఉపయోగం తర్వాత వెతుక్కుంటాడు. ఇందులో నాకు తప్పేమీ కనబడదు.

అసలు లాప్‌టాప్‌కు కదలిక తెలియాల్సిన అవసరం ఎందుకొచ్చిందో నాకు అనుభవపూర్వకంగా తెలుసు. చాలా ఏళ్ల కిందట నా మొదటి లాప్‌టాప్ బల్ల మీంచి జారిపడింది. ఛార్జర్ తీగ కాలికి తట్టుకుంది, తప్పు తీగది కాదు, నాది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఓ రిపేరు దుకాణానికి పట్టుకెళితే, అక్కడి కుర్రాడు హార్డ్‌డిస్క్‌ను చెవి దగ్గర పెట్టుకుని, డాక్టర్ నాడి చూసినట్టు విని, "టిక్కుటిక్కు అంటోంది సార్, ఇక రాదు" అన్నాడు. నేను నమ్మలేదని మూత విప్పి చూపించాడు. లోపల అద్దంలా మెరిసే పళ్లెం, దాని మీద గుండ్రంగా ఒక గీత. ఆ గీత కింద రెండేళ్ల నా రాతలున్నాయి.

ఆ పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. చదివే ముల్లు, హెడ్ అంటారు దాన్ని, పళ్లేనికి తగలకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతుంది. మన తలవెంట్రుక మందమే 80 వేల నానోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంత దగ్గర్లో తేలే ముల్లుకు కుదుపు తగిలితే ఏమవుతుందో నా పళ్లెమే సాక్ష్యం. అందుకని 2003లో ఐబీఎం తన థింక్‌ప్యాడ్‌లలోనూ, 2005లో యాపిల్ తన పవర్‌బుక్‌లలోనూ కదలికను కనిపెట్టే చిప్పును పెట్టాయి. కార్లలో ఎయిర్‌బ్యాగ్‌ను విప్పే చిప్పుకు ఇది దగ్గరి చుట్టం. పడిపోతున్నామని తెలియగానే ముల్లును పళ్లెం మీంచి తప్పించి పక్కన పెట్టేయడం దాని పని. మామూలు బల్ల ఎత్తు నుంచి నేల తాకడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. మనం "అయ్యో" అనే లోపు అది పని ముగించాలి.

పడిపోతున్నట్టు దానికెలా తెలుస్తుంది? ఇక్కడ నాకు ముచ్చటేసే విషయం ఒకటుంది. చిప్పు లోపల సిలికాన్‌తో చెక్కిన రెండు దువ్వెనలు ఉంటాయి, ఒకదాని పళ్ల సందుల్లో రెండోదాని పళ్లు దూరి, తగలకుండా. ఒక దువ్వెన కదలదు, రెండోది సన్నని స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. కదిపితే పళ్ల మధ్య ఎడం మారుతుంది, దాంతో అక్కడ నిలిచే విద్యుదావేశం మారుతుంది. ఆ మార్పే కొలత. తమాషా ఏమిటంటే, లాప్‌టాప్ బల్ల మీద నిశ్చింతగా కూర్చున్నప్పుడు ఈ చిప్పు సున్నా చూపించదు. భూమి ఆకర్షణను మోస్తున్నానని చెబుతుంది. చేయి జారి కిందికి పోతున్నప్పుడే అన్ని దిక్కులా సున్నా చూపిస్తుంది. నుమాయిష్‌లో జెయింట్ వీల్ కిందికి దిగేటప్పుడు కడుపులో ఏదో తేలిపోయినట్టు ఉంటుందే, దాని భాషలో అదే సున్నా. బరువు లేదనిపించగానే ప్రమాదమని గుర్తుపడుతుంది.

ఈ లెక్కలను ఆ చిప్పు బయటికి కూడా చెప్పగలదని 2005లోనే అమిత్ సింగ్ అనే ప్రోగ్రామర్ చూపించాడు. ఆ తర్వాత తిరనాళ్లే. పక్కన తడితే తెర మారే ప్రోగ్రాం ఒకరు రాశారు. లాప్‌టాప్‌ను కత్తిలా ఊపితే స్టార్‌వార్స్ కత్తి చప్పుడు చేసేది ఇంకొకరు. ఎవరైనా కదిపితే కారు అలారంలా కేకలు పెట్టేది మరొకరు. మేస్త్రి రసమట్టం బదులు లాప్‌టాప్ పెట్టి అరుగు వాలు చూసుకునే వీలు కూడా ఉండేది. ఏ మేస్త్రీ ఆ పని చేసి ఉండడు, అది వేరే సంగతి.

ఈ ఆటల్లోంచే గంభీరమైన పని ఒకటి పుట్టింది. బల్ల మీది లాప్‌టాప్‌ను భూకంపలేఖినిగా మార్చే ప్రోగ్రాం వచ్చింది. దాని వెనకే 2008లో అమెరికాలో ఎలిజబెత్ కాక్రన్, జెస్సీ లారెన్స్ అనే శాస్త్రవేత్తలు క్వేక్ క్యాచర్ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. జనం ఇళ్లలోని కంప్యూటర్లనే భూకంపాలు పట్టే కేంద్రాలుగా మార్చాలన్నది వాళ్ల ఆలోచన. ఒక లాప్‌టాప్ అదిరితే ఎవరో మోచేయి ఆనించారనుకోవచ్చు, ఒకే ప్రాంతంలో వంద లాప్‌టాప్‌లు ఒకేసారి అదిరితే అది మోచేయి కాదు. సెన్సర్ లేని డెస్క్‌టాప్‌లకూ, బడులకూ నేలకు బిగించే చిన్న యూఎస్‌బీ సెన్సర్లు పంచారు. 2010లో చిలీ పెద్ద భూకంపం తర్వాతా, అదే ఏడాది న్యూజిలాండ్ భూకంపం తర్వాతా అక్కడికి వాటిని తీసుకెళ్లి పెట్టారు.

ఇంతలో హార్డ్‌డిస్క్ పోయి ఎస్ఎస్‌డీ వచ్చింది. తిరిగే పళ్లెం లేదు, తేలే ముల్లు లేదు, కాబట్టి కాపలావాడి ఉద్యోగమూ లేదు. యాపిల్ ఆ సెన్సర్‌ను తీసేసింది. భూకంపాల పని ఫోన్లకు బదిలీ అయింది. 2016లో బర్క్లీ శాస్త్రవేత్తలు మైషేక్ యాప్ తెచ్చారు, 2020లో గూగుల్ ఆండ్రాయిడ్ ఫోన్లతో హెచ్చరికల వ్యవస్థ మొదలుపెట్టి, 2023 సెప్టెంబర్‌లో దాన్ని మన దేశానికీ తెచ్చింది.

మనకెందుకివన్నీ అనకండి. 2024 డిసెంబర్ 4న పొద్దున్న 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లో నేను టీ గ్లాసుతో ఉన్నాను, ఫోన్ మోగింది. "గూట్లో గిన్నెలు గలగలమన్నాయిరా, పిల్లి అనుకున్నా" అంది అమ్మ. అంతకుముందు 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. గోదావరి లోయ ఎప్పుడో గాని ఒళ్లు విరుచుకోదు, కాబట్టి మనకు జ్ఞాపకం ఉండదు. ఇలాంటి చోట అడుగడుక్కీ ఖరీదైన పరికరాలు పాతడం ఏ ప్రభుత్వం చేతా కాదు. భూకంపంలో ముందు వచ్చే తరంగాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో పోతాయి, గోడలు ఊపే రెండో తరంగాలు సుమారు మూడున్నర కిలోమీటర్లతో. రెండు వందల కిలోమీటర్ల దూరానికి రెండింటి మధ్య ఇరవై సెకన్లకు పైనే ఎడం. ములుగు, వరంగల్‌లలో బల్లల మీద ఉన్న లాప్‌టాప్‌లు మొదటి అదురును పట్టి కబురు పంపితే, ఆ కబురు నేలకన్నా ముందే హైదరాబాద్ చేరుతుంది. ఫోన్ జేబులో ఊగుతుంది, చేతిలో తిరుగుతుంది, బైకు మీద గుంతల్లో ఎగురుతుంది. లాప్‌టాప్ బల్ల మీద గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. భూమిని వినడానికి అంతకన్నా ఓపికైన శ్రోత ఇంట్లో ఇంకొకటి లేదు. దాన్ని నోరు మూయించి కూర్చోబెట్టడం నాకు వృథాగా తోస్తుంది.

ఇప్పుడు రెండో వైపు. వినేవాడు భూమిని మాత్రమే వినడు.

2011లో జార్జియా టెక్ పరిశోధకులు ఒక ఐఫోన్ 4ను కీబోర్డు పక్కన బల్ల మీద పెట్టారు. మైకు కాదు, కెమెరా కాదు, కదలిక సెన్సర్ ఒక్కటే. మీటలు నొక్కుతుంటే బల్లకు తగిలే అదురును అది చదివింది. ఒక్కో అక్షరాన్ని పట్టుకోవడం కష్టం కాబట్టి జతలుగా పట్టారు. ఈ రెండు మీటలు ఎడమవైపా, కుడివైపా, ఒకదానికొకటి దగ్గరా, దూరమా అని చూసి నిఘంటువుతో పోల్చారు. గరిష్ఠంగా 80 శాతం వరకు సరిగ్గా చెప్పగలిగారు. అది పక్కన పడి ఉన్న ఫోన్ సంగతి. లాప్‌టాప్‌లో సెన్సర్ ఉన్న ఒంటికే కీబోర్డు అతికి ఉంటుంది. 2014లో స్టాన్‌ఫర్డ్, ఇజ్రాయెల్ పరిశోధకులు ఫోన్‌లోని గైరోస్కోప్ మాటల అదురును కూడా కొంతమేరకు పట్టగలదని చూపించారు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. మా మేనల్లుడి ప్రోగ్రాం నడవాలంటే కంప్యూటర్ యజమాని పాస్‌వర్డ్ కొట్టాలి, దారిన పోయే వెబ్‌సైట్ ఆ సెన్సర్‌ను ముట్టుకోలేదు. ఫోన్లలో కొన్నేళ్లు అలా కాదు, ఏ వెబ్‌పేజీ అయినా అడక్కుండానే కదలికలు చదివేది. 2019లో ఐఫోన్ బ్రౌజర్ అనుమతి అడగడం మొదలుపెట్టింది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12, ప్రత్యేక అనుమతి లేని యాప్‌లకు సెకనుకు 200 లెక్కలకు మించి ఇవ్వకుండా కళ్లెం వేసింది. ఈ కట్టుబాట్లు రావడానికి కారణం ఏమిటంటే, ఫోన్‌లో సెన్సర్ ఉందని అందరికీ తెలుసు. తెలిశాక పరిశోధించారు, పరిశోధించాక అడిగారు, అడిగాక మార్చారు. ఉన్నట్టే తెలియని దాని గురించి ఎవరు అడుగుతారు?

నా పేచీ అంతా అక్కడే. యాపిల్ 2025 మేలో, ప్రయాణంలో తెర చూస్తే వికారం పెట్టేవాళ్ల కోసం, బండి కదలికకు తగ్గట్టు తెర అంచుల్లో చుక్కలు కదిలించే సౌకర్యం మ్యాక్‌కు కూడా వస్తోందని ప్రకటించింది. మంచి పనే, ఘాట్ రోడ్డు మీద నాకూ పనికొస్తుంది. బండి కదిలిందని పెట్టెకు తెలియాలంటే లోపల ఏదో ఉండాలి కదా. చుక్కల గురించి దండోరా వేసిన నోటికి, వాటిని కదిలించేదాని పేరు పట్టికలో ఒక వరుసలో చెప్పడానికి బరువైందా? ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ వెనక పిండి ఏది, నూనె ఏది, సోడా ఏది అని చీమతల అక్షరాల్లో రాసి ఉంటుంది. లక్ష పెట్టి కొన్న పెట్టె వెనక అలాంటిదేమీ ఉండదు. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మన సమాచారం సేకరించేటప్పుడు చెప్పి చేయమంటుంది. సేకరించగల పరికరం లోపల ఉందని చెప్పమనదు. ఇల్లు అమ్మినవాడు దొడ్డిగుమ్మం ఉన్న సంగతి చెప్పకపోతే, ఆ గుమ్మానికి తాళం వేసే ఉందిలే అన్న సమాధానం నాకు చాలదు. తాళం చెవి కూడా నా చేతికి రావాలి. కావాలంటే భూకంపాలకు తెరుస్తాను, వద్దనుకుంటే గొళ్లెం పెట్టుకుంటాను.

ఆ సాయంత్రం మా మేనల్లుడు లాప్‌టాప్‌ను వంటింటి గట్టు మీద పెట్టి, తెర మీద మూడు రంగుల గీతలు పాకించాడు. ఫ్రిజ్ మోటారు మొదలవగానే గీతలు సన్నగా వణికాయి. అమ్మ పక్కనే రోలు ముందు కూర్చుని దంచడం మొదలుపెట్టింది. రోకటి పోటు పోటుకూ తెర మీద కొండలు లేచాయి. ఆవిడ ఆగి, కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసింది.

"ఏరా, నేను దంచేది కందిపొడో కారమో కూడా చెబుతుందా అది?"

"నాలుగు రోజులు నేర్పిస్తే చెబుతుంది అమ్మమ్మా."

"అయితే దాన్ని ముందు గదిలో పెట్టు" అని రోకలి అందుకుంది.